శ్రీమతి ఉషా నారాయణన్: దేశములు తిరిగిన తల్లి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ ఉత్సవమున కార్యవర్గమువారు నాకు అప్పగించిన విషయము "ఆదర్శ మాతృమూర్తి" అనునది. ఇట్టి విషయము చేతికి వచ్చినప్పుడు వక్తలందరును నడచు బాట ఒకటి కలదు. జిజియాబాయితో మొదలుపెట్టి, పుత్లీబాయిని స్మరించి, తల్లి దైవసమానురాలని చెప్పి, చప్పట్ల నడుమ కూర్చుండుట. ఆ మాటలలో అసత్యమేమియు లేదు. కాని వానిని మీరు ఈ పందిటిలోనే పలుమారులు వినియున్నారు. కావున నేను వేరొక తల్లిని గూర్చి చెప్పెదను. ఆమె మన దేశమున పుట్టినది కాదు. పుట్టినప్పుడు ఆమెకు పెట్టిన పేరు మనలో పదిమందికి కూడ తెలియదు. ఆమె 2008 జనవరి 24వ తేదీన ఢిల్లీలో, 85 ఏండ్ల వయస్సున గతించెను. మరునాడో మూడవనాడో పత్రికలలో నాలుగు పంక్తుల వార్త వచ్చినది. మాజీ రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ గారి సతీమణి శ్రీమతి ఉషా నారాయణన్ మరణించిరని మాత్రమే అందరును చదివికొనిరి.

ఆమె కన్నవారు ఆమెకు పెట్టిన పేరు టింట్ టింట్. పుట్టినది బర్మాలోని యమేథిన్ పట్టణమున. రంగూను నుండి మాండలే పోవు రైలుమార్గములో నడిమి బర్మా మైదానమున నున్న ఊరది.

రంగూను అన్నంతనే ఈ సభలో ముందు వరుసలోని పెద్దలు ఒకరి ముఖము లొకరు చూచుకొనుట నేను గమనించితిని. అది సహజము. మన తీరమున దానిని రంగూను అనిన వారెవ్వరు? "రంగము" అనియే కదా మన అవ్వలు పిలిచినది! "రంగము పోయినాడు" అన్న మాటకు ఒక యింట అప్పు తీరుననియు, మరియొక యింట మనిషి తిరిగిరాడనియు అర్థము. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల నుండి వేలకు వేలు జనము పొగయోడలెక్కి రంగూను రేవునకు పోయిరి. ఓడలలోని బస్తాలు దింపిరి, వడ్లమిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి, ఊరి మురికి నెత్తిరి. మన కోరంగి రేవు పేరుమీదుగా బర్మావారు తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచిరి. అది మొదట ఒక ఊరి పేరు, పిమ్మట ఒక జాతి పేరు, తుదకు ఒక తిట్టు. 1931 జనాభా లెక్కలనాటికి సుమారు 4 లక్షల జనాభా గల రంగూను నగరమున సగమునకు పైగా భారతీయులే యుండిరి. ఒక దేశపు ముఖ్యపట్టణమున ఆ దేశమువారే తక్కువసంఖ్య యగుట ఎంతటి కంటకమో మనము ఆలోచింపవలెను.

1930 మే నెలలో ఆ కంటకము మంటయైనది. రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె కట్టిరి. యజమానులు బర్మా కూలీలను పనిలో పెట్టుకొనిరి. సమ్మె సమసి తెలుగువారిని తిరిగి పిలువగానే బర్మావారిని పొమ్మనిరి. కడుపు మండినవాడు యజమానిని కొట్టలేడు. ప్రక్కనున్న కూలివానిని కొట్టును. ఆ అల్లరులలో వందమందికి పైగా చనిపోయిరి. వారిలో ఎక్కువమంది మనవారే. తరువాత 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూనుమీద పడినవి. 1942 మార్చి 8న నగరము వారి వశమైనది. నాలుగైదు లక్షల భారతీయులు అరకాను కొండలమీదుగా కొందరు, ఇంఫాలు దారిని కొందరు కాలినడకను బయలుదేరిరి. దారిలో కలరా, ఆకలి, వాన. వేలాదిగా అడవిలోనే రాలిపోయిరి. మిగిలినవారికి, మరల పోయినవారికి 1964లో రెండవ దెబ్బ తగిలినది. నె విన్ సైనిక ప్రభుత్వము అంగళ్లను, వ్యాపారములను జాతీయము చేయగా లక్షలాది భారతీయులు ఒంటిమీది బట్టలతో ఓడలెక్కిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేట పేరు నేటికిని ఆ కథనే చెప్పుచున్నది.

కావున బర్మావారన్నంతనే మన పెద్దల గుండెలో ఒక ముల్లు కదలును. ఆ ముల్లు ఉన్నదని తెలిసియే నేను ఈమె కథను ఎన్నుకొంటిని. 1930 అల్లరులనాటికి యమేథినులోని ఈ టింట్ టింట్ ఏడెనిమిదేండ్ల పిల్ల. మన తాతలు రేవులో బస్తాలు మోయుచున్న దినములలో ఆ పిల్ల బడిలో అక్షరములు దిద్దుచుండెను. ఆ మంటతో ఆ పిల్లకేమి సంబంధము? మంట ఆర్పుట కాని రగిలించుట కాని పిల్లల వల్ల కాని పని. అయినను పెరిగిన పిమ్మట ఎవరు ఏ వైపున నిలబడుదురో, అది వారి చేతిలోనిదే.

ఇచ్చట ఒక చిత్రమైన విషయము మనవి చేయవలెను. ఆమె పుట్టిననాటికి బర్మా పరదేశము కాదు. బ్రిటిషువారు దానిని ఇండియాలో ఒక రాష్ట్రముగనే పాలించుచుండిరి. 1937 ఏప్రిల్ 1వ తేదీన మాత్రమే విడదీసిరి. అనగా ఆమె ఇండియా రాజ్యమున పుట్టి, తన పట్టణము కదలకయే పదునాలుగు పదునైదేండ్ల వయస్సున పరదేశియైనది. గీత గీసినవారు లండనులో నుండిరి.

ఆమె రంగూను విశ్వవిద్యాలయమున చదివి, అచ్చటి యువతుల క్రైస్తవ సంఘమున, అనగా వై. డబ్ల్యు. సి. ఎ.లో, పనిచేయుచుండెను. బర్మాకు 1948 జనవరి 4న స్వాతంత్ర్యము వచ్చినది. వచ్చిన ఏడాదికే తిరుగుబాట్లు చెలరేగినవి. 1949లో కరెన్ తిరుగుబాటుదారులు రంగూను పొలిమేరలోని ఇన్సీను వరకు వచ్చి నిలిచిరి. అట్టి దినములలో భారత రాయబార కార్యాలయమునకు క్రొత్తగా వచ్చిన యువ ఉద్యోగి కొచ్చెరిల్ రామన్ నారాయణన్. లండనులో ప్రొఫెసరు లాస్కీ శిష్యుడని విని, ఈమెయే పోయి, తన స్నేహితవర్గమునకు రాజకీయ స్వాతంత్ర్యమును గూర్చి ఉపన్యసింపుమని ఆయనను కోరెను. ఉపన్యాసము నుండి పరిచయము, పరిచయము నుండి వివాహము. ఉపన్యాసములవలన లోకమున మంచి జరుగదని మీలో కొందరు నన్ను ఆటపట్టించుచుందురు. ఈ యొక్క దృష్టాంతమైనను నా పక్షమున నుండనిండు.

ఆ నారాయణన్ గారిని గూర్చి గ్రంథాలయ సభలో రెండు మాటలు చెప్పక ముందునకు పోరాదు. కేరళలోని ఉళవూరు గ్రామమున, అంటరానివారని లోకము వెలివేసిన కులమున, పూరియింట పుట్టినవాడు. పొలముల గట్లవెంట రోజుకు సుమారు 15 కిలోమీటర్లు నడచి బడికి పోయినవాడు. రుసుము చెల్లింపలేక తరగతి వెలుపల నిలువబడి పాఠములు వినినవాడు. పుస్తకములు కొనుటకు పైకము లేదు. ఉబ్బసముచే బడి మాని ఇంటనున్న అన్న, తోడి విద్యార్థుల పుస్తకములు ఎరువు తెచ్చి, చేతితో నకలు వ్రాసి తమ్ముని కిచ్చుచుండెను. ఇంతకంటె పేద గ్రంథాలయము, ఇంతకంటె ధనిక గ్రంథాలయము నేను వినలేదు. అట్టివాడు తిరువాన్కూరు విశ్వవిద్యాలయమున ఎం. ఏ.లో ప్రథముడై, టాటా గారి సహాయముతో లండనుకు పోయి, 1948లో తిరిగివచ్చెను. లాస్కీ వ్రాసియిచ్చిన ఉత్తరమును నెహ్రూగారి చేతిలో పెట్టి సెలవు పుచ్చుకొని పోవుచుండగా, దానిని చదివిన నెహ్రూగారు చప్పట్లు చరచి వెనుకకు పిలిచిరట. 1949లో విదేశాంగ సేవలో చేర్చుకొనిరి.

వివాహమునకు అడ్డు ఆ సేవయే. విదేశాంగ ఉద్యోగి విదేశీ వనితను పెండ్లాడరాదని నియమము. నియమము పెట్టినవారిని తప్పుపట్టలేము. రాయబారి యింటి రహస్యములు దేశపు రహస్యములు. విదేశాంగ శాఖను స్వయముగా చూచుచున్న ప్రధాని నెహ్రూ ప్రత్యేకానుమతి నొసగిరి. 1951 జూన్ 8న ఢిల్లీలో వివాహము జరిగినది. ఆమె భారత పౌరసత్వము స్వీకరించెను, ఉష యను పేరు పెట్టుకొనెను.

ఈ సందర్భముననే మరియొక నియమమును చెప్పవలెను. నారాయణన్ గారు చేరిన 1949లోనే ఆ సేవలో చేరిన ప్రప్రథమ మహిళ, కొడగు దేశపు కుమారి సి. బి. ముత్తమ్మ. చేరునాడే ఆమెచేత, వివాహమాడినచో ఉద్యోగము విడిచెదనని వ్రాయించుకొనిరి. పురుషుడు పరదేశపు పిల్లను చేసికొన దలచిన అనుమతి యడుగవలెను. స్త్రీ స్వదేశపు వరునే చేసికొన్నను ఉద్యోగమే పోవును! ముత్తమ్మగారు న్యాయస్థానమున పోరాడిరి. 1979లో సుప్రీంకోర్టున న్యాయమూర్తి కృష్ణయ్యరు గారు ఇట్టి నియమములను తీవ్రముగా నిరసించిరి. నేను దీని నెందుకు చెప్పుచున్నాననగా, ఆ కాలపు ప్రభుత్వము దృష్టిలో రాయబారము మగవాని ఉద్యోగము. స్త్రీ దానిలో నుండదగిన చోటు ఒక్కటే, భార్యగా నుండుట. మన ఉషగారు ఆ చోటనే ఉండిరి. ఆ చోటున నుండి ఏమి చేయవలసివచ్చెనో మనము తెలిసికొనవలెను.

దానికి ముందు పేరును గూర్చి కొంచెము. మన ఆడపిల్లలు అత్తవారింటికి పోగానే ఇంటిపేరు మారును. అది మనకు వింత కాదు. బర్మావారికి ఇంటిపేరే లేదు. పెండ్లియైనను స్త్రీ తన పేరు మార్చుకొనదు. చిన్నతనమున పేరునకు ముందు "మా" యని చేర్తురు, అది మన "అక్క" వంటిది. పెద్దదైన పిమ్మట "డా" యందురు, అది "అత్త"వంటిది. నడుమ పేరు మాత్రము చితివరకు ఒక్కటే. కావున మా టింట్ టింట్ "ఉషా నారాయణన్" అగుట మన పిల్ల ఇంటిపేరు మార్చుకొనుట వంటిది కాదు. ఒక్కసారిగా రెండు పేర్లు, ఒక దేశము, ఒక భాష మారినవి. పెండ్లిపీటలమీద మనము పిల్లనిచ్చునది ఒక కుటుంబమునకు. ఆమె ఇయ్యబడినది ఒక రాజ్యమునకు. ఆ రాజ్యము ఆమెకు గౌరవము నిచ్చినది, నిజమే. అయినను ఇచ్చిన దానితో పోయినదానికి చెల్లు వ్రాయుట నాకు చేతకాదు.

రాయబారమనగానే మనకు జ్ఞప్తికి వచ్చునది తిరుపతి వేంకటకవుల నాటకము. తెల్లవార్లు పద్యములు విని ఇండ్లకు పోయిన గ్రామము మనది. అందు శ్రీకృష్ణుడు ఒంటరిగనే పోయెను. రుక్మిణీ సత్యభామలను వెంటదీసికొని పోలేదు. అయినను ఆ కథలోనే ఒక సూక్ష్మము కలదు. దుర్యోధనుడు విందు సిద్ధపరచెను. కృష్ణుడు దానిని కాదని విదురునింట భుజించెను. ఎవరి యింట తినవలెను, ఎవరి యింట తినరాదు అనునది నాడే రాజకార్యము. నేటి రాయబారములలోను సగము పని భోజనపు బల్లయొద్దనే జరుగును. సభలో చెప్పలేని మాట విందులో చెప్పుదురు. పత్రముమీద వ్రాయలేనిదానిని రెండవసారి వడ్డించునప్పుడు అడుగుదురు. ఆ వడ్డన ఎవరిది?

రాయబారి భార్యకు జీతము లేదు. సెలవు లేదు. తనకు చదువున్నను, ప్రభుత్వపు అనుమతి లేక ఆ దేశమున వేరొక ఉద్యోగము చేయరాదు. క్రొత్త రాజధాని చేరగానే ఇతర రాయబారుల భార్యలను వరుసక్రమమున పోయి చూడవలెను. ఆ వరుస వయస్సునుబట్టి కాదు, చదువునుబట్టి కాదు. భర్త ఏ తేదీన తన అధికారపత్రము సమర్పించెనో దానినిబట్టి. విందులో ఎవరి ప్రక్కన ఎవరిని కూర్చుండబెట్టవలెను, ఎవరు మాంసము ముట్టరు, ఎవరు పందిని ముట్టరు, ఏ రెండు దేశములవారికి మాటలు లేవు, ఇవన్నియు ఆమె మనస్సులో నుండవలెను. ఒక కుర్చీ తప్పు వేసినచో మరునాడు ఒక దేశము అలుగును. మన ఊరి పెండ్లిలో వియ్యాలవారి పంక్తి నడపిన ఇల్లాలికి ఈ కష్టము నేను వివరింపనక్కరలేదు. మూడేండ్లకొకసారి ఆ పెండ్లి క్రొత్త ఊరిలో, క్రొత్త భాషలో మరల మొదలగునని మాత్రము ఊహించుకొనుడు. ఇద్దరి చాకిరికి ఒకరి జీతము. 1961లో వియన్నాలో దేశములన్నియు కూడి రాయబారుల హక్కులను గూర్చి గొప్ప ఒడంబడిక వ్రాసికొన్నవి. అందు ఈమెవంటివారి ప్రసక్తి 37వ అధికరణమున వచ్చును. "కుటుంబ సభ్యులు" అను మాటలో వారందరును ఇమిడిపోయిరి.

నారాయణన్ గారు రంగూను, టోకియో, లండను, కాన్‌బెర్రా, హనోయి నగరములలోని మన కార్యాలయములలో పనిచేసిరి. పిమ్మట 1967 నుండి 69 వరకు థాయిలాండులోను, 1973 నుండి 75 వరకు టర్కీలోను, 1976 నుండి 78 వరకు చైనాలోను, 1980 నుండి 84 వరకు అమెరికాలోను రాయబారిగా నుండిరి. ఈ జాబితాను పత్రికలలో ఒక్క గుక్కలో చదివి వదలుదుము. నాకు మాత్రము రెండు చోట్ల చూపు నిలుచును.

మొదటిది బాంకాకు. 1767లో బర్మా సైన్యములు సయాం దేశపు పాత రాజధాని అయుధ్యను తగులబెట్టినవి. ఆ శిథిలములు నేటికిని ఉన్నవి. అచ్చటి బడిపిల్లలు ఆ కథ చదువుచునే పెరుగుదురు. అట్టి దేశమునకు బర్మాలో పుట్టిన యువతి భారత రాయబారి యింటి ఇల్లాలుగా పోయెను. సరిహద్దునకు ఆవల తన పుట్టినదేశము. నె విన్ పాలనలో ఆ దేశము తలుపులు బిగించుకొని, అన్యదేశీయుల కెవ్వరికిని 24 గంటలకు మించి ఉండుట కనుమతింపని కాలమొకటి ఆ దశాబ్దమున గడచినది. ఆమె చేతిలోనిదిప్పుడు భారతదేశపు పాస్‌పోర్టు. అదే దశాబ్దమున ఆ దేశము మన తెలుగువారిని ఓడలెక్కించి పంపివేసినది. బర్మా నుండి వెడలగొట్టబడిన భారతీయులు ఒక వైపున. భారతదేశము తరపున నిలిచిన బర్మా ఆడపడుచు మరియొక వైపున. ఈ రెండును ఒకే కాలమున జరిగినవి. మన బర్మాక్యాంపువారు ఆమెను ఎరుగరు. వారు ఎరిగియుండవలసినదని నా అభిప్రాయము. ఓడ దిగిన తల్లులు పోగొట్టుకొన్నదియు, ఆమె పోగొట్టుకొన్నదియు ఒక్క ఊరే.

రెండవది పెకింగు, నేటి బీజింగు. 1962 యుద్ధము తరువాత మనకును చైనాకును మాటలు తెగినంత పనియైనది. 15 ఏండ్లపాటు అచ్చట మన రాయబారియే లేడు. 1976లో ఆ పదవిని పునరుద్ధరించి పంపబడినవారు నారాయణన్ గారు. ఆ సంవత్సరము చైనాకు ఎట్టిదో చూడుడు. జనవరిలో చౌ ఎన్ లై మరణించెను. జూలై 28న టాంగ్‌షాన్ భూకంపమున రెండు లక్షలకు పైగా జనము నేల కలిసిరి; పెకింగులోను ప్రజలు ఇండ్లు విడిచి వీథులలో గుడారములు వేసికొనిరి. సెప్టెంబరు 9న మావో మరణించెను. యుద్ధము చేసిన పొరుగువారింట పదునైదేండ్ల తరువాత మొదటి దీపము పెట్టుటకు పోయిన ఇల్లాలికి ఏ దీపము చేతికిచ్చి పంపిరో! రాయబారి నివేదికలు ప్రభుత్వపు దస్త్రములలో నున్నవి. ఆ యింటి వంటగది దస్త్రము ఎవరును వ్రాయలేదు.

ఈ మధ్యలో ఆమె తల్లి. ఇద్దరు కుమార్తెలు. రాయబారుల పిల్లలకు ఊరు అనునది లేదు. ఒక బడిలో స్నేహితురాలు కుదురునప్పటికి పెట్టెలు సర్దవలసియుండును. ఒక చోట జపాను భాష వినబడును, మరియొక చోట టర్కీ భాష; తండ్రిది మలయాళము, తల్లిది బర్మా భాష, బడిలో ఇంగ్లీషు. అట్టి పిల్లలకు ఇల్లనగా గోడలు కావు, తల్లి సర్దిన పెట్టెయే. పెద్ద కుమార్తె చిత్రా నారాయణన్ 1978లో విదేశాంగ సేవలో చేరి, స్వీడను, టర్కీ, స్విట్జర్లాండు దేశములకు భారత రాయబారియైరి. టర్కీలో తండ్రి కూర్చున్న పీఠముననే కుమార్తెయు కూర్చుండెను. తండ్రి పేరు నిలిపినదని అందరును చెప్పుదురు. నేను వేరుగా చెప్పెదను. ముత్తమ్మగారు చేరునాడు వ్రాసియిచ్చిన కాగితము ఈ పిల్ల వ్రాసియీయ నక్కర లేకపోయినది. తల్లి జీతములేక చేసిన పనిని కుమార్తె జీతముతో, అధికారముతో, తన పేరుమీద చేసినది. ఒక తరములో ఒక యింట ఇంత దూరము నడచుట చిన్న సంగతి కాదు.

ఆమె చదువు వృథా పోలేదని కూడ చెప్పవలెను. ఢిల్లీలోని సాంఘిక సేవా విద్యాలయమున ఆమె ఎం. ఏ. పట్టము పొందెను. 1946లో లక్నోలో యువతుల క్రైస్తవ సంఘమువారే స్థాపించి, మరుసటి యేడు ఢిల్లీకి మార్చిన విద్యాలయమది. స్త్రీల, శిశువుల సంక్షేమ కార్యములలో శ్రద్ధతో పాల్గొనెను. అయితే గ్రంథాలయ సభలో నేను ప్రత్యేకముగా చెప్పదలచినది ఆమె వ్రాసిన పుస్తకమును గూర్చి. బర్మా రచయిత థీన్ పె మ్యింట్ కథలను ఆమె ఇంగ్లీషున అనువదించెను. "స్వీట్ అండ్ సవర్" అను పేర ఆ సంపుటము 1998లో వెలువడినది. తీపి పులుపు అన్నమాట. అప్పటికి ఆమె రాష్ట్రపతి భవనమున నుండెను. ఈ థీన్ పె మ్యింట్ సామాన్యుడు కాడు. 1937లో దొంగ సన్యాసులమీద నవల వ్రాసి దేశమంతట అలజడి పుట్టించినవాడు. బర్మా కమ్యూనిస్టు నాయకుడు. 1942లో జపానువారి నెదిరించి ఇండియాకు దాటివచ్చినవాడు. మన తాతలు నడచిన ఆ యేటనే ఆయనయు సరిహద్దు దాటెను. ఎవరు ఎవరిని దారిలో చూచిరో! ఆయన 1978లో మరణించెను. ఇరువది యేండ్ల తరువాత, పేరు మారి, దేశము మారి, నలుబది యేడేండ్లుగా పరభాషలలో మాటలాడిన ఒక స్త్రీ ఆయన కథలను తన మాతృభాష నుండి ఎత్తి మనకందించినది. పేరు పోయిన తరువాతను భాష పోలేదన్నమాట. అనువాదము చేసినవారెవరైనను ఎరుగుదురు, పరాయి భాషలో పెట్టవలెనన్న తన భాషను వేయిసార్లు నాలుకమీద త్రిప్పుకొనవలెను. రాష్ట్రపతి భవనపు గదులలో బర్మా మాటలు అట్లు మెల్లగా వినబడినవనుకొనుట నాకు సంతోషము.

1984లో నారాయణన్ గారు ఒట్టపాలెము నుండి లోక్‌సభకు ఎన్నికైరి, 1992లో ఉపరాష్ట్రపతియైరి, 1997 జూలై 25న రాష్ట్రపతియైరి. మూడు వారములలో స్వాతంత్ర్య స్వర్ణోత్సవము వచ్చినది. పూరియింట పుట్టిన దళితుడు దేశాధిపతి యగుట ఆ యేటి గొప్పవార్త. దానిని మనమందరమును చెప్పుకొంటిమి, చెప్పుకొనవలసినదే. అతని ప్రక్కన నిలిచినది విదేశమున పుట్టి రాష్ట్రపతి భవనపు ఇల్లాలైన మొదటి మహిళ యను సంగతి ఆ సంబరములో మరుగుపడినది. మరుగుపడుటయు ఒక విధముగా మన దేశపు మంచితనమేమో. ఎవరును ఆమెను పరాయిదానివని వేలెత్తి చూపకుండుట మెచ్చదగినదే. కాని గుర్తింపకపోవుటకును, అంగీకరించుటకును భేదమున్నది. ఆ భేదమును మనము అప్పుడు పాటింపలేదు.

2002లో పదవీకాలము ముగిసినది. 2005 నవంబరు 9న నారాయణన్ గారు మరణించిరి. యమునాతీరమున ఏకతాస్థలమున ఆయనకు అంత్యక్రియలు జరిగినవి. తరువాత రెండేండ్లు రెండున్నర నెలలు ఆమె ఢిల్లీలోనే యుండెను. మూడేండ్లకొకసారి పెట్టెలు సర్దిన చేతులకు ఇక సర్దవలసిన పెట్టె లేకపోయినది. యమేథినునకు మరలిపోలేదు. ఢిల్లీ మట్టిలోనే కలిసినది.

ఇక కార్యవర్గమువారికి ఒక మనవి చేసి ముగించెదను. మన గ్రంథాలయపు బీరువాలలో రష్యా నవలలు గలవు, బెంగాలీ అనువాదములు గలవు, చైనా కథలును ఒకటి రెండు గలవు. మన తాతలు చెమటయోడ్చిన బర్మా దేశపు కథల పుస్తకము ఒక్కటియు లేదు. నిన్న నేను పట్టిక అంతయు చూచి మరీ చెప్పుచున్నాను. ఉషా నారాయణన్ గారు అనువదించిన ఆ కథల సంపుటమును తెప్పింపుడు. ఇంగ్లీషు చదువగల మన కాలేజీ పిల్లలలో ఎవరైనను ఒక్క కథనైనను తెలుగు చేసి మనకు వినిపింతురు. దానితోపాటు నాలుగు దళసరి నోటుపుస్తకములు కూడ కొనుడు. రంగము నుండి చిన్నపిల్లలుగా వచ్చిన అవ్వలు ఈ ఊరిలో ఇంకను ముగ్గురున్నారు. వారి తల్లులు ఏమి వండిరి, ఏ పాట పాడిరి, బర్మా పొరుగింటివారు వారిని దాచిరా, వెళ్లగొట్టిరా, అన్నియు అడిగి వ్రాయుడు. వ్రాయుటకు ఎవరును రానిచో ఆదివారము సాయంకాలములు నేను వచ్చెదను.